ఆన్‌లైన్ దుకాణం ఇల్లు మారాల్సి వస్తే

ప్రతి ఆన్‌లైన్ దుకాణం వెనుకా కొనేవాళ్ల కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. సరుకుల ఫొటోలూ ధరలూ చూపించడం, బుట్టలో వేసినవాటికి లెక్క కట్టడం, పన్ను కలపడం, డబ్బు కట్టే పేజీకి తీసుకెళ్లడం, ఆర్డరు వచ్చిందని యజమానికి కబురు పంపడం, అన్నీ దాని పనులే. దాన్ని తయారుచేసినవాళ్లు ఏదో ఒక రోజున, ఫలానా తేదీ తర్వాత ఈ వెర్షన్ బాగోగులు తాము చూడబోమని ప్రకటిస్తారు. సపోర్టు ముగియడమంటే ఇదే. ఆ తేదీ దాటిన మర్నాడు దుకాణమేమీ మూతపడదు. ఆర్డర్లు ఎప్పటిలాగే వస్తాయి, డబ్బు ఎప్పటిలాగే జమ అవుతుంది. ప్రమాదమంతా ఈ మామూలుతనంలోనే ఉంది. నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని యజమానులు ఊరుకుంటారు. ఊరుకున్నకొద్దీ మారడం కష్టమవుతూ పోతుంది.

సపోర్టు అనే మాటలో ముఖ్యంగా రెండు పనులున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో దొంగలు దూరగల సందులు బయటపడినప్పుడల్లా వాటిని పూడ్చే సవరణలు పంపడం ఒకటి. చుట్టూ ఉన్న లోకం మారుతుంటే దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుంటూ రావడం రెండోది. సామాన్యంగా దుకాణదారుకు ముందు దెబ్బ తగిలేది రెండోదాని వల్లనే. చాలా దుకాణాల సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీ అనే భాషలో రాసి ఉంటుంది. 2000 సంవత్సరంలో జర్మనీలో మొదలైన ఓఎస్‌కామర్స్ ఆ కాలపు చిన్న దుకాణాలకు పెద్ద దిక్కు. దాని పాత వెర్షన్లు డేటాబేస్‌తో మాట్లాడేందుకు వాడుకున్న ఆదేశాలను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తొలగించింది. సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ తన యంత్రాల్లో కొత్త పీహెచ్‌పీ పెట్టిన నాడు, ఆ దుకాణం తెరిస్తే తెల్ల పేజీ తప్ప ఇంకేమీ కనిపించదు. అలాగే 2018 జూన్ 30 నాటికి కార్డు చెల్లింపుల వ్యవస్థలు టీఎల్‌ఎస్ 1.0 అనే పాత రహస్య సంకేత పద్ధతిని వదిలేయాల్సి వచ్చింది. కొత్త పద్ధతి తెలియని సర్వర్లలోని దుకాణాలకు, డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేతో మాటలు ఆగిపోయాయి. దుకాణంలో ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, అయినా పాడైంది.

తయారీదారులు సపోర్టు ఎందుకు మానేస్తారు? పాత వెర్షన్నూ కొత్త వెర్షన్నూ పక్కపక్కనే పోషించడం ఖర్చుతో కూడిన పని. ఈ విషయంలో అందరికీ గుర్తుండిపోయిన ఉదాహరణ మెజెంటో. 2008లో మొదటి వెర్షన్ విడుదలైంది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోగలిగేది కావడంతో ప్రపంచమంతా పాకింది. 2011లో ఈబే దాన్ని కొనుక్కుంది. 2018లో అడోబీ 168 కోట్ల డాలర్లకు కొన్నది. మధ్యలో, 2015 నవంబరులో, మెజెంటో 2 వచ్చింది. పేరు ఒకటే గానీ లోపలి నిర్మాణం వేరు. మొదటి వెర్షన్‌కు రాసిన థీమ్‌లు, అదనపు ముక్కలు ఏవీ రెండోదానికి అతకవు. మెజెంటో 1కు 2018 నవంబరులోనే ముగింపు పలకాలనుకున్నారు. వ్యాపారులు సిద్ధంగా లేకపోవడంతో గడువు పొడిగించి, చివరికి 2020 జూన్ 30న ముగించారు. వీసా, పేపాల్ వంటి సంస్థలు ముందే హెచ్చరించాయి. అయినా ఆ తేదీ దాటాక కూడా వేల దుకాణాలు పాత వెర్షన్‌లోనే మిగిలాయి.

రెండున్నర నెలలు తిరక్కుండానే ఫలితం కనిపించింది. 2020 సెప్టెంబరు రెండో వారాంతంలో దాదాపు 2 వేల మెజెంటో దుకాణాల్లోకి దొంగలు చొరబడ్డారని సాన్‌సెక్ అనే భద్రతా సంస్థ గుర్తించింది. వాటిలో అత్యధికం మెజెంటో 1వే. డబ్బు కట్టే పేజీలో చిన్న ప్రోగ్రామ్ ముక్కను అతికించి, కొనేవాళ్లు కొట్టిన కార్డు నంబర్లను అక్కడికక్కడే దారి మళ్లించారు. ఆ సందును వాడుకునే పద్ధతిని దాడికి కొన్ని వారాల ముందు ఒకరు చీకటి బజారులో 5 వేల డాలర్లకు అమ్మకానికి పెట్టినట్టు ఆ సంస్థే బయటపెట్టింది. ఆ బేరంలో ఒక మాట దాగి ఉంది: సపోర్టు ముగిసింది కనుక ఈ సందును ఇక ఎవరూ అధికారికంగా పూడ్చరు. దొంగకు అంతకన్నా మంచి సరుకు దొరకదు. తన దుకాణం చిన్నదని, తన జోలికి ఎవరు వస్తారని యజమాని అనుకోవడానికి వీల్లేదు. ఇలాంటి దాడులు మనుషులు దుకాణాలను ఎంచి చేసేవి కావు. ప్రోగ్రామ్‌లు ఇంటర్నెట్ అంతా గాలించి, పాత వెర్షన్ ఉన్న ప్రతి తలుపూ తడతాయి.

చెంచాల దుకాణానికి ఏం కావాలి

కొత్త సాఫ్ట్‌వేర్ వెతికే ముందు పాత దుకాణం నిజంగా ఏం చేస్తోందో కాగితం మీద రాసుకోవాలి. ఇది సరుకును బట్టి, ఊరును బట్టి మారుతుంది. నెల్లూరు మెట్టలో, ఉదయగిరి చుట్టుపక్కల, తరతరాలుగా చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే కుటుంబాలున్నాయి. నర్ది, బిక్కి వంటి స్థానిక చెట్ల కలపను చేత్తో చెక్కి, నగిషీ దిద్ది, నునుపు చేస్తారు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొండాపురంలోనో ఆత్మకూరులోనో ఉండి ఈ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణాన్ని ఉదాహరణగా ఊహించుకుంటే, అవసరాల జాబితా నగరాల్లోని బట్టల దుకాణం జాబితాలా ఉండదని తెలుస్తుంది.

చేత్తో చేసిన వస్తువులు రెండు ఒకేలా ఉండవు. ఒక చెంచా 18 సెంటీమీటర్లుంటే ఇంకొకటి అంతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కొనేవాళ్లు ఫొటోలో చూసినదే రావాలని పట్టుబడతారు. కాబట్టి ఒక సరుకుకు ఒకే ముక్క నిల్వ ఉందని చూపి, అమ్ముడైన క్షణంలో దాన్ని పేజీ నుంచి దించేసే సౌకర్యం కావాలి. లేకుంటే కొలతల్లో కొద్ది తేడా ఉంటుందని సరుకు పక్కనే స్పష్టంగా చూపించే చోటైనా ఉండాలి. భౌగోళిక గుర్తింపు ముద్ర వేసుకునే హక్కు 1999 నాటి చట్టం ప్రకారం నమోదైన అధీకృత వినియోగదారులకే ఉంటుంది గనుక, ఏ సరుకు ఏ చేతివృత్తిదారు నుంచి వచ్చిందో దాచుకునే గడి కూడా అవసరమే. తయారుగా దొరికే థీమ్‌లలో ఇలాంటి గడి సాధారణంగా ఉండదు. అదనంగా చేర్చుకోనిచ్చే ప్లాట్‌ఫామ్‌నే చూసుకోవాలి.

రవాణా సంగతి ఇంకా సున్నితం. చెక్క చెంచాలు తేలిక. కానీ విరక్కుండా పంపాలంటే పెట్టె పెద్దది కావాలి. కొరియర్ సంస్థలు నిజమైన బరువునూ, పెట్టె పరిమాణాన్ని బట్టి లెక్కించిన బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలాచోట్ల వాడుక. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టె ఆ లెక్కన 1.8 కిలోలు. లోపల ఉన్నది 600 గ్రాములే అయినా కట్టాల్సింది 1.8 కిలోలకే. పాత సాఫ్ట్‌వేర్‌లో బరువు గడి మాత్రమే ఉండి కొలతల గడి లేకపోతే, ప్రతి ఆర్డరు మీదా యజమాని చేతి డబ్బు పడుతుంది. కొత్తదానిలో సరుకు కొలతలు, పెట్టెల సైజులు నమోదు చేసుకునే వీలుందో లేదో మొదటే చూడాలి. ఏ కొరియర్ ఏ పిన్‌కోడ్‌కు వెళ్తుందో, ఎక్కడ క్యాష్ ఆన్ డెలివరీ కుదురుతుందో కూడా అది చెప్పగలగాలి. 524తో మొదలయ్యే నెల్లూరు జిల్లా పిన్‌కోడ్‌లలో పట్టణాలకు దొరికే సేవ మెట్ట మండలాలకు దొరకని సందర్భాలున్నాయి. సరుకు తీసుకెళ్లడానికి కొరియర్ మనిషి ఊళ్లోకి రాకపోతే ఇండియా పోస్ట్ ఒక్కటే దారి. అప్పుడు స్పీడ్ పోస్ట్ ధరలు లెక్కగట్టి, ట్రాకింగ్ నంబరు కొనేవారికి పంపే ఏర్పాటు ముఖ్యమవుతుంది.

పన్ను లెక్క మరో పరీక్ష. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో, విదేశాల్లో తయారైన పాత సాఫ్ట్‌వేర్లు చాలా తికమకపడ్డాయి. విజయవాడ నుంచి వచ్చిన ఆర్డరుకు పన్ను కేంద్రానికీ రాష్ట్రానికీ రెండు భాగాలుగా చూపాలి. అదే చెంచా హైదరాబాదుకో చెన్నైకో వెళ్తే ఐజీఎస్టీ అనే ఒకే పద్దు. ఒక రాష్ట్రానికి ఒకే రేటు అనుకుని రాసిన ప్రోగ్రామ్‌కు ఇది అర్థం కాదు. 2025 సెప్టెంబరు 22న శ్లాబులు మారినప్పుడు, రేటును ఒకేచోట మార్చగలిగినవాళ్లకు అది కొన్ని నిమిషాల పని. ప్రతి సరుకు పేజీలోనూ చేత్తో ధర దిద్దుకోవాల్సినవాళ్లకు అది రోజుల తరబడి సాగింది. బిల్లు మీద ఉండాల్సిన హెచ్‌ఎస్‌ఎన్ సంఖ్య (చెక్కతో చేసిన వంటింటి, భోజన సామగ్రికి 4419) సరుకుతో పాటే నమోదై ఉండాలి.

దుకాణం ఆస్తి ఎక్కడుంది

సాఫ్ట్‌వేర్ మారుతుందనగానే చాలామంది దృష్టి కొత్త దుకాణం అందం మీదికి పోతుంది. కానీ ఏళ్ల తరబడి కూడబెట్టిన అసలు ఆస్తి వేరేచోట ఉంటుంది: సరుకుల వివరాలు, ఫొటోలు, పాత ఆర్డర్లు, కొన్నవాళ్ల చిరునామాలు, వాళ్లు రాసిన అభిప్రాయాలు, గూగుల్‌కు అలవాటైన పేజీ చిరునామాలు. వీటిని చెక్కుచెదరకుండా తీసుకెళ్లలేకపోతే ఎంత గొప్ప ప్లాట్‌ఫామ్ అయినా కొత్తగా కొట్టు తెరిచినట్టే.

అందువల్ల ఏ ప్లాట్‌ఫామ్‌నైనా, అందులోంచి బయటికి రావడం ఎంత సులువో చూసి ఎంచుకోవడం తెలివైన పని. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. దాదాపు అన్ని ప్లాట్‌ఫామ్‌లూ కొద్ది రోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఆ రోజుల్లో ఓ పది సరుకులు ఎక్కించాలి. వాటిలో సైజులు, రకాలు ఉన్నవీ ఉండాలి. ఒకటి రెండు ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టాలి. తర్వాత అన్నిటినీ ఫైలుగా దించుకుని తెరిచి చూడాలి. సరుకు పేరు, ధర వచ్చి ఫొటోలు రాలేదా? రకాలన్నీ కలిసిపోయి ఒకే వరుసలో పడ్డాయా? ఆర్డరులోని పన్ను విడిగా కనిపిస్తోందా? ఈ పరీక్షలో తప్పిన ప్లాట్‌ఫామ్‌ను, మిగతా హంగులు ఎన్ని ఉన్నా, పక్కన పెట్టవచ్చు. సపోర్టు ముగియడం అనేది ఒక్కసారి వచ్చి పోయే గండం కాదు. కొత్తగా ఎంచుకున్నదానికీ ఏదో నాటికి ఆ తేదీ వస్తుంది.

తెలుగులో వివరాలు రాసుకున్న దుకాణాలకు ఇక్కడ మరికొన్ని చిక్కులున్నాయి.  మొదటిది, పాత డేటాబేస్‌లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, ప్రత్యేకంగా చెప్పకపోతే అక్షరాలు తెలుగుకు చోటులేని లాటిన్-1 పద్ధతిలోనే దాచబడేవి. అందులో పడ్డ తెలుగు పాత దుకాణంలో సరిగ్గానే కనబడుతుంది, ఎందుకంటే తప్పుగా దాచి, అదే తప్పుతో చదువుతోంది. కొత్తచోటికి మార్చగానే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వరుసకడతాయి. మార్చేటప్పుడే సంకేత పద్ధతిని సరిచేయిస్తే పోతుంది. ఆ పిచ్చి గుర్తుల మీదే సవరణలు మొదలుపెడితే వెనక్కి తేవడం కష్టం. రెండోది, సరుకుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించుకుని ఎక్సెల్‌లో నేరుగా తెరవడం. యూటీఎఫ్-8 అని చెప్పి తెరవకపోతే తెలుగంతా చెదిరిపోతుంది. పొరపాటున దాన్నలాగే సేవ్ చేస్తే ఉన్న ఒక్క కాపీ కూడా పోతుంది. మూడోది, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన వివరాలు. కరపత్రం కోసం కొట్టించిన మేటరు యూనికోడ్ కాదు గనుక దాన్ని వెబ్‌లోకి తేవాలంటే ముందు కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ చదివి సరిచూసుకోవాలి.

పేజీ చిరునామా తెలుగులో ఉంటే మరో ఇబ్బంది. ఇంటర్నెట్ చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ఉదయగిరి చెక్క చెంచా’ అనే మాటలో 17 గుర్తులున్నాయి; చిరునామాలో అవే 153 అక్షరాలు అవుతాయి. వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకు ఇచ్చే చోటు 200 అక్షరాలే. అంటే 22 గుర్తులు దాటిన తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది. పాత చిరునామాలు ఇలా తెగితే, వాట్సాప్‌లో ఎవరో ఎప్పుడో పంపుకున్న లింకులన్నీ పనికిరాకుండా పోతాయి. సరుకు పేరు తెలుగులో ఉంచి, చిరునామాను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో చిన్నదిగా పెట్టుకోవడమే ప్రస్తుతానికి మేలు.

అద్దె ఇల్లు, సొంత ఇల్లు, సంత

ఇప్పుడు ఎంపికలు. మొదటిది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకుని తామే నడుపుకోవడం. వర్డ్‌ప్రెస్ మీద పనిచేసే వూకామర్స్ ఇందులో ఎక్కువమందికి తెలిసినది. 2011లో మొదలైన దీన్ని 2015లో ఆటోమాటిక్ సంస్థ కొనుక్కుంది. ఓపెన్‌కార్ట్, ప్రెస్టాషాప్ కూడా ఇదే కోవలోవి. డేటా మొత్తం యజమాని చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా మూట కట్టుకుని వేరే సర్వర్‌కు పోవచ్చు. అయితే ఉచితమన్నది సాఫ్ట్‌వేర్‌కే. సర్వర్ అద్దె, రోజువారీ బ్యాకప్, సవరణలు వచ్చినప్పుడు వేసే మనిషి, ఏడాదికోసారి డబ్బు కట్టాల్సిన ప్లగిన్లు అనే అదనపు ముక్కలు, అన్నీ కలిపితే ఖర్చు తేలుతుంది. ఒక్కో ప్లగిన్‌కూ ఒక్కో తయారీదారు ఉంటాడు. వాటిలో ఏదైనా సపోర్టు లేక ఆగిపోవచ్చు. పది ప్లగిన్ల మీద నిలబడ్డ దుకాణం పది చోట్ల కూలగలదు. ప్లగిన్లు ఎంత తక్కువైతే అంత మంచిది.

రెండోది అద్దె ఇల్లు. షాపిఫై వంటి సంస్థలు నెలకింతని తీసుకుని సర్వర్, భద్రత, సవరణలు అన్నీ తామే చూసుకుంటాయి. కంప్యూటర్ పని తెలిసిన మనిషి దగ్గర్లో దొరకని మెట్ట ఊళ్లలో ఇది పెద్ద ఊరట. షాపిఫై సొంత చెల్లింపు వ్యవస్థ భారత్‌లో లేదు. కాబట్టి రేజర్‌పే, పేయూ వంటి గేట్‌వే పెట్టుకోవాలి. గేట్‌వే రుసుముకు అదనంగా ప్రతి అమ్మకం మీదా ప్లాట్‌ఫామ్ కొంత తీసుకుంటుంది. ఈ రెండో రుసుము చాలామంది చూసుకోరు. నెలకు 60 వేల రూపాయల అమ్మకం ఉందనుకుంటే, 2 శాతమంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. అది నెలవారీ అద్దెకు పైన. మూడేళ్లకు మొత్తం ఎంతవుతుందో లెక్క వేసి, సొంతంగా నడుపుకునే ఖర్చుతో పోల్చాలి. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపు మీద వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) లేదు. కొనేవాళ్లలో ఎక్కువమంది యూపీఐతో కడుతుంటే గేట్‌వే ఆ సేవకు విడిగా ఏం తీసుకుంటుందో అడిగి, రాతపూర్వకంగా చెప్పించుకోవడం మంచిది.

అద్దె ఇళ్లు శాశ్వతమనే భ్రమ కూడా వద్దు. అమెజాన్ తన వెబ్‌స్టోర్ సేవను 2016లో మూసేసింది. ప్రపంచంలోని పెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటై ఉండి కూడా, అందులో అద్దెకున్నవాళ్లను వేరే చోటు చూసుకోమంది. గూగుల్ చిన్న దుకాణాలకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. సొంత డొమైన్ పేరు పెట్టుకున్నవాళ్లు పేరు మోసుకుని వేరేచోటికి వెళ్లగలిగారు. గూగుల్ ఇచ్చిన చిరునామానే బోర్డు మీదా బిల్లు మీదా అచ్చేయించుకున్నవాళ్లకు ఆ వీలు లేకపోయింది.

మూడోది సంత. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి చోట్ల జనం ముందే ఉంటారు. చేతివృత్తుల కోసం అమెజాన్ కారీగర్, ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ పేర్లతో ప్రత్యేక విభాగాలున్నాయి. కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్‌లో కమీషన్ లేదు. రాష్ట్ర హస్తకళల సంస్థ లేపాక్షి కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఇవన్నీ కొత్త కొనుగోలుదారులను తెస్తాయి. కానీ పెద్ద సంతల్లో కొన్నవాళ్లు సంతకు చెందినవాళ్లే. వాళ్ల ఫోన్ నంబరుకు మళ్లీ కబురు పెట్టి, దీపావళికి కొత్త గరిటెల సెట్టు వచ్చిందని చెప్పుకునే వీలుండదు. సొంత దుకాణానికి సంత తోడు కావచ్చు గానీ బదులు కాలేదు. 2021 డిసెంబరు 31న సంస్థగా నమోదైన ఓఎన్‌డీసీ వీటికి భిన్నమైన దారి. అది ప్లాట్‌ఫామ్ కాదు, నెట్‌వర్క్. కొనేవాళ్ల యాప్ ఒకటి, అమ్మేవాళ్ల యాప్ ఇంకొకటి. మధ్యలో అందరికీ ఒకే భాష. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఓఎన్‌డీసీతో కలిసే వీలుంటే అదనపు లాభమే.

మారకుండా ఉన్నచోటే ఉండటమూ కొందరికి నిజమైన ఎంపికే. మెజెంటో 1ను వదిలేశాక కూడా కొందరు ప్రోగ్రామర్లు ఓపెన్‌మేజ్ పేరుతో దానికి భద్రతా సవరణలు రాస్తూ వచ్చారు. ప్రెస్టాషాప్ 1.6 నుంచి థర్టీ బీస్ అనే శాఖ పుట్టింది. పాత దుకాణానికి సొంతంగా చేయించుకున్న మార్పులు ఎక్కువగా ఉండి, చేతిలో నమ్మకమైన ప్రోగ్రామర్ ఉంటే ఇది రెండు మూడేళ్ల ఊపిరి ఇస్తుంది. ఆ రెండిటిలో ఒకటే ఉంటే మాత్రం వద్దు.

మారే రోజులు

మారడానికి ముందు చట్టం అడిగేవి కొత్త దుకాణంలో ఉన్నాయో లేదో చూడాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు స్పష్టంగా కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల 2022 అక్టోబరు 1 నుంచి కొనేవాళ్ల కార్డు వివరాలను దుకాణాలు దాచుకోకూడదు. పాత సాఫ్ట్‌వేర్‌లో అలాంటి పట్టిక ఇంకా ఉంటే దాన్ని కొత్తచోటికి మోయకూడదు, అక్కడే చెరిపేయాలి.

కొనేవాళ్ల పాస్‌వర్డులు మాత్రం సాధారణంగా వెంట రావు. అవి తిరిగి చదవలేని సంకేతాలుగా ఉంటాయి, ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి. అందరికీ కొత్త పాస్‌వర్డు పెట్టుకోమని మెయిల్ వెళ్లాలి. ముందుగా చెప్పకుండా అలాంటి మెయిల్ పంపితే మోసమని భయపడి తొలగించేస్తారు. వారం ముందే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో దుకాణం మారుతోందని, పాత కొనుగోళ్ల వివరాలు భద్రంగా ఉంటాయని చెప్పాలి.

మార్పుకు కాలం చూసుకోవడం ముఖ్యం. దసరా నుంచి సంక్రాంతి దాకా, పెళ్లిళ్ల ముహూర్తాలున్న నెలల్లో ముట్టుకోకూడదు. బహుమతులకు గిరాకీ తగ్గే ఆషాఢంలో చేస్తే తప్పు దొర్లినా దిద్దుకునే తీరిక ఉంటుంది. బిల్లు నంబర్ల సంగతి ఇక్కడే వస్తుంది. జీఎస్టీ బిల్లులు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుస తప్పని, మళ్లీ రాని సంఖ్యలతో ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు. కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తాను 1 నుంచి మొదలుపెడితే పాత బిల్లులతో ఢీకొంటుంది. వేరే ముందక్షరంతో కొత్త వరుస మొదలుపెట్టుకోవడం చట్టానికీ సమ్మతమే.

పాత పేజీ చిరునామాలన్నిటినీ ఒక పట్టికగా రాసి, ఒక్కోదాన్నీ కొత్త చిరునామాకు శాశ్వతంగా మళ్లించాలి. దీన్ని 301 రీడైరెక్ట్ అంటారు. ఇది లేకపోతే గూగుల్ ఏళ్ల తరబడి ఇచ్చిన స్థానం కొన్ని వారాల్లో పోతుంది. అన్ని పేజీలనూ గంపగుత్తగా మొదటి పేజీకి మళ్లించడం చాలామంది చేసే తప్పు. చెక్క గరిటె కోసం వచ్చిన మనిషికి గరిటే కనబడాలి. డొమైన్ పేరు ఎవరి మెయిల్‌తో నమోదై ఉందో అప్పుడే చూసుకోవాలి. సైటు కట్టిన కుర్రాడి మెయిల్‌తో ఉంటే, అతను ఊరు మారినా నంబరు మార్చినా డొమైన్ చేజారుతుంది.

తెరిచే ముందు రోజు నిజమైన డబ్బుతో నిజమైన ఆర్డర్లు పెట్టి చూడాలి: ఒకటి యూపీఐతో ఆత్మకూరుకు, ఒకటి కార్డుతో హైదరాబాదుకు, ఒకటి క్యాష్ ఆన్ డెలివరీతో ఏదైనా చిన్న ఊరికి. పన్ను పద్దులు, రవాణా చార్జీ, బిల్లు మీది తెలుగు, డబ్బు వాపసు, అన్నీ ఆ మూడింటిలో బయటపడతాయి. పరీక్షలు పెద్ద కంప్యూటర్ మీద కాకుండా, నెట్ అంతగా అందని చోట మామూలు ఫోన్‌లో చేయాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే.

కొత్త దుకాణం తెరిచాక పాతదాన్ని వెంటనే చెరిపేయకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. పాత ఆర్డర్లన్నిటినీ చదవగలిగే ఫైళ్లుగా దించి, రెండు వేర్వేరు చోట్ల పెట్టి, ఒకసారి తెరిచి చూసి నిర్ధారించుకోవాలి. అప్పటిదాకా పాత సర్వర్‌ను ఇంటర్నెట్‌కు అందకుండా మూసి ఉంచాలి. సపోర్టు లేని సాఫ్ట్‌వేర్ ఎవరూ చూడకుండా తెరిచి ఉండటం, నడుస్తున్న దుకాణంలో ఉండటంకన్నా ప్రమాదం. దానికి ఇచ్చిన గేట్‌వే తాళపుచెవులను, కొరియర్ ఖాతా పాస్‌వర్డులను రద్దు చేసి, కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉన్న డేటాబేస్‌ను, సర్వర్ సంస్థ దగ్గరున్న దాని బ్యాకప్‌లతో సహా తొలగించాకే ఆ సర్వర్‌కు అద్దె కట్టడం మానాలి.